కొండకా, కిందికా? ముందది చెప్పండి

"సెకండ్ హ్యాండు పికప్పు ఒకటి కొందామనుకుంటున్నాను. ఏ ఇంజను మంచిదంటారు?" అని అడిగేవాళ్ళకి నర్సీపట్నంలో కొదవ లేదు. చెప్పేవాళ్ళకి అసలే లేదు. అబీద్ సెంటర్లో టీ గ్లాసు చేత్తో పట్టుకుని ఈ ప్రశ్న కాస్త గట్టిగా వేసి చూడండి. గ్లాసు ఖాళీ అయ్యేలోపు నాలుగు కంపెనీల పేర్లు, వాటిమీద తగువులు, అమ్మకానికి ఉన్న బళ్ళ ఫోను నంబర్లు అన్నీ మీ దగ్గరికి వచ్చేస్తాయి. నన్నడిగితే మాత్రం నేను పేరు చెప్పను. ఎదురు ప్రశ్న వేస్తాను. బండి కొండెక్కాలా, కిందే తిరగాలా?

ఇదేదో మెలిక అనుకోకండి. మన ఊరు ఉన్న చోటు అలాంటిది. ఒక దారి తునికి, ఒకటి అనకాపల్లికి, ఒకటి చోడవరానికి. ఈ మూడూ ఇంచుమించు చదును దారులే. చెరకు, బెల్లం, సరుగుడు కర్ర, జీడిపిక్కలు, కూరగాయలు ఈ దారుల్లో పోతాయి. నాలుగోది చింతపల్లి దారి. డౌనూరు దాటిందంటే ఆ రోడ్డుకి కింద చూపు ఉండదు. నర్సీపట్నం సముద్రమట్టానికి వంద మీటర్ల లోపే ఉంది. లంబసింగి వెయ్యి మీటర్ల దరిదాపుల్లో ఉంది. మధ్య దూరం సుమారు ముప్ఫై కిలోమీటర్లు. అందులోనూ ఎక్కుడంతా చివరి భాగంలోనే. సిమెంటు, ఇనుము, బియ్యం, కిరాణా పైకి పోవాలి. కాఫీ గింజలు, మిరియాలు, పసుపు, రాజ్మా కిందికి రావాలి. అంటే ఎక్కేటప్పుడూ బరువే, దిగేటప్పుడూ బరువే. బెల్లం దిమ్మలు వేసుకుని అనకాపల్లి మార్కెట్టుకి పోయొచ్చే బండికీ దీనికీ పోలిక ఎక్కడ?

ఈ కొండదారుల పుట్టుక కూడా సుఖంగా జరగలేదు లెండి. వందేళ్ళ కిందట మన్యం జనాన్ని చాలీచాలని కూలికి రోడ్డు పనుల్లోకి తోలిన గూడెం డిప్యూటీ తహసిల్దారు బాస్టియన్ మీద కోపం కూడా 1922 పితూరీకి ఒక కారణం. ఆ ఏడు ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దండు మొదట పడింది చింతపల్లి పోలీసు స్టేషను మీదే. ఇప్పుడు అదే కొండ మీదికి మనం సెకండ్ గేరులో మూలుగుతూ ఎక్కుతున్నాం.

పాతతరం వాళ్ళకి ఆ దారి అంటే కమాండర్ జీపే గుర్తొస్తుంది. లోపల కూర్చున్నవాళ్ళు కాక వెనక వేలాడేవాళ్ళు, టాపు మీద మూటలు, ఆ మూటల మీద మళ్ళీ మనుషులు. ఆ జీపుల్లో చాలావాటికి ప్యూజో డీజిల్ ఇంజను ఉండేది. ఫ్రాన్సు కంపెనీ దగ్గర లైసెన్సు తీసుకుని మహీంద్రా వాళ్ళు ఇక్కడ చేశారు. 2112 సీసీ, టర్బో లేదు. దానికి ఓపిక ఎక్కువ, ఊపిరి తక్కువ. ఘాటీలో ఆగి నీళ్ళు పోయించుకుని మళ్ళీ కదిలేది. ఇప్పుడు మీరు కొనబోయే బండికి ఊపిరి ఎంత ఉందన్నదే మొదటి లెక్క.

చిన్నదానితో మొదలెడదాం. 2005లో టాటా ఏస్ వచ్చింది. అంతకు ముందు మూడు చక్రాల ట్రాలీ ఆటోకీ, లారీకీ మధ్యన సామాన్యుడికి అందే బండి లేదనే చెప్పాలి. పాత ఏస్‌కి 702 సీసీ ఇంజను, రెండు సిలిండర్లు, 16 హార్స్‌పవర్, నాలుగు గేర్లు. లోడు ముప్పాతిక టన్ను. టర్బో లేదు. కిందిరోడ్ల మీద కూరగాయలకీ, పాలకీ, ఫర్నిచరుకీ దీన్ని మించింది లేదని నేనూ ఒప్పుకుంటాను. మైలేజీ ఇస్తుంది. ఏ ఊళ్ళో ఆగినా, చెట్టు కింద షెడ్డు పెట్టుకున్న కుర్రాడు కూడా విప్పి బిగించేస్తాడు.

మరి కొండ మీదికి? ఇక్కడ ఇంజనుకి రెండు దెబ్బలు తగులుతాయి. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. టర్బో లేని ఇంజను వంద మీటర్ల ఎత్తుకి సుమారు ఒక శాతం బలం పోగొట్టుకుంటుంది. లంబసింగి చేరేసరికి పదోవంతు గాలిలో కలిసిపోతుంది. 16లో ఒకటిన్నర పోతే పోయింది అంటారా? ఉన్నదే 16 అయినప్పుడు అది చిన్న సంగతేం కాదండీ. పైగా ముప్పాతిక టన్నుకి చేసిన బండి మీద మనవాళ్ళు ముప్పాతిక టన్ను వేసి ఊరుకుంటారా? ఇక రెండో దెబ్బ చలి. ఆ పాత ఇంజనులో డీజిలు నేరుగా పిస్టను మీద మండదు. పక్కనే ఉన్న చిన్న గదిలో అంటుకుని అక్కణ్ణించి బయటికొస్తుంది. ఆ గది గోడలు చల్లగా ఉంటే వేడంతా అవే తాగేస్తాయి. అందుకే హీటరు ప్లగ్గులు పెట్టారు. ప్లగ్గులు పాడైన ఏస్‌ని జనవరి తెల్లవారుజామున లంబసింగిలో స్టార్టు చెయ్యడానికి ఎంతమంది తొయ్యాలో అక్కడివాళ్ళనే అడగండి. బయట ఉంటే కర్రలా బిగుసుకుపోతారని ఆ ఊరికి కొర్రబయలు అనే పేరు ఊరికే రాలేదు.

టర్బో ఉన్న ఇంజను సంగతి వేరు. పొగ పోయే జోరుతోనే ఒక చిన్న చక్రం తిరిగి గాలిని లోపలికి నెడుతుంది కాబట్టి, పైన గాలి పలచబడినా దానికి పెద్దగా లోటు తెలియదు. 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్‌ది ఒకటిన్నర లీటరు, మూడు సిలిండర్ల టర్బో ఇంజను, అయిదు గేర్లు. కింద టన్ను పైచిలుకు లోడుకి ఇది మంచి బండి. వారానికో రోజు కొండెక్కినా ఏమీ అనుకోదు. రోజూ ఎక్కాలంటే మాత్రం నా చూపు బొలెరో పికప్పు మీదికే పోతుంది. 2523 సీసీ, నాలుగు సిలిండర్లు. హార్స్‌పవర్ చూస్తే మరీ గొప్పేం కాదు, మోడలుని బట్టి 63, 75 అలా ఉంటుంది. అసలు విషయం దాని లాగుడులో ఉంది. కామన్ రైల్ మోడలుకి 195 న్యూటన్ మీటర్ల టార్క్, అదీ నిమిషానికి 1400 చుట్ల దగ్గరే వచ్చేస్తుంది. పాత ఏస్‌ది 40 లోపు.

ఈ 1400 అన్న అంకెని కాస్త పట్టుకోండి. కొనేవాళ్ళలో నూటికి తొంభైమంది హార్స్‌పవర్ ఎంత అనే అడుగుతారు. హార్స్‌పవర్ హైవేకి కావాలి. హెయిర్‌పిన్ మలుపులో బండి వేగం చచ్చిపోయి, ఎదురుగా ఆర్టీసీ బస్సు దిగుతూ, మీరు బ్రేకు మీంచి కాలు తీసి మళ్ళీ కదలాల్సిన ఆ క్షణంలో, తక్కువ చుట్లలో ఇంజను ఎంత లాగుతుందన్నదే లెక్కలోకి వస్తుంది. 3000 చుట్ల దాకా అరిపిస్తే గాని బలం రాని ఇంజను అక్కడ క్లచ్చుని తినేస్తుంది.

టాటా 207, తర్వాత దాని చోట్లోకి 2017లో వచ్చిన యోధ కూడా ఈ వరసలోవే. పాత 207 డీఐకి 2956 సీసీ ఇంజను. మొరటుది, గట్టిది. చాసిస్ బాగుంటే ఇప్పటికీ పనికొస్తుంది. అయితే మన ఊళ్ళో బొలెరో పికప్పులు ఎక్కువ కాబట్టి సామాను దొరకడంలో దానిదే పైచెయ్యి. ఏ ఇంజను గొప్పదన్న వాదన కన్నా, అర్ధరాత్రి సీలేరు దారిలో ఆగిపోతే ఏ బండి సామాను తెల్లారేసరికి చేతికొస్తుందన్న వాదన నాకు నచ్చుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు ముడి దగ్గరికి వద్దాం. ఒకే బండి, ఒకే పేరు, కానీ పుట్టిన తేదీని బట్టి లోపలి ఇంజను మారిపోతుంది. బీఎస్ 3, బీఎస్ 4, బీఎస్ 6 అంటారే, అవి పొగ లెక్కలు. మన దగ్గర 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6. మధ్యలో బీఎస్ 5 లేదు, గంతేసి దాటేశారు. ఆర్సీలో ఈ సంగతి ఉంటుంది. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే కూడా కనిపిస్తుంది. నంబరు ప్లేటు చూసినా ఒక అందాజా చిక్కుతుంది. మన పాత జిల్లా బండి ఏపీ 31 అయితే 2019కి ముందుది. ఏపీ 39 అయితే రాష్ట్రమంతా ఒకటే సిరీస్ వచ్చాక రిజిస్టరైనది.

బీఎస్ 3 బళ్ళలో చాలావాటికి మెకానికల్ పంపు. కంప్యూటరు లేదు, సెన్సర్లు లేవు. పంపు పని, నాజిల్ పని తెలిసినవాడు ఉంటే చాలు. లోపలి ఊళ్ళలో ప్లాస్టిక్ క్యాన్లలో కొలిచి అమ్మే డీజిలు పోసినా ఏదోలా నడిచిపోతుంది. ఇవి ఇప్పుడు ముసలివైపోయాయి. ట్రాన్స్‌పోర్టు బండికి ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి ఫిట్‌నెస్ చేయిస్తే చాలు. ఎనిమిది దాటితే ఏటేటా చేయించాలి. పదిహేను దాటితే ఫీజులు బాగా వాయిస్తారు. హరిత పన్ను సరేసరి. చవగ్గా వచ్చిందని కొన్న బండి ఫిట్‌నెస్ కోసం తొట్టికి రంగు, చాసిస్‌కి వెల్డింగు, టైర్లు అంటూ తిరిగేసరికి ఆ చవక ఎటు పోయిందో తెలియదు.

బీఎస్ 6 వైపు చూద్దామా? బళ్ళు బాగుంటాయి. పొగ తక్కువ, లాగుడు ఎక్కువ. కానీ చాలా బీఎస్ 6 డీజిల్ బళ్ళ పొగగొట్టంలో డీపీఎఫ్ అని ఒక జల్లెడ ఉంటుంది. మసినంతా అది పట్టుకుంటుంది. నిండాక ఆ మసి మండిపోవాలి. మండాలంటే గొట్టం బాగా వేడెక్కాలి, అంటే బండి ఆగకుండా కొంతసేపు మంచి జోరు మీద నడవాలి. నర్సీపట్నం నుంచి విశాఖకి రోజూ పోయొచ్చే బండికి ఈ బాధ ఉండదు. ఊళ్ళో గ్యాసు బండలు వేస్తూ గుమ్మం గుమ్మానికీ ఆగేవాడికి ఉంటుంది. జల్లెడ నిండి డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, బండి లాగడం మానేస్తుంది, చివరికి ల్యాప్‌టాప్ ఉన్న షెడ్డుకి పోవాల్సి వస్తుంది. ఆ గొట్టం తీసేసి మామూలు గొట్టం పెట్టేస్తామనే మహానుభావులు కూడా ఉన్నారు. అలా పెట్టిన బండి మాత్రం కొనకండి. పొగ పరీక్షలోనూ దొరుకుతుంది, ఇంజను లెక్కలూ తప్పుతాయి.

మధ్యలో మిగిలింది బీఎస్ 4. 2017 ఏప్రిల్ నుంచి 2020 మార్చి దాకా మూడేళ్ళలో అమ్ముడైన బళ్ళు. పెద్ద పికప్పుల్లో ఈ కాలానికి కామన్ రైల్ వచ్చేసింది, వీటిలో చాలావాటికి ఆ జల్లెడ బాధ లేదు. నా ఓటు వీటికే. కామన్ రైల్ అంటే అన్ని నాజిళ్ళకీ కలిపి ఒక గొట్టంలో డీజిలుని వెయ్యి బార్లకు మించిన ఒత్తిడితో నిలబెట్టి, కంప్యూటరు చెప్పినప్పుడు చెప్పినంత చిమ్మడం. మైలేజీ, లాగుడు రెండూ దాని పుణ్యమే. దాని శత్రువు నీళ్ళు. ఫిల్టరు అడుగున చేరిన నీళ్ళు వదలకుండా తిప్పిన బండి నాజిళ్ళు తినేసి ఉంటాయి. నాలుగు నాజిళ్ళూ మార్చాల్సి వస్తే ఆ బిల్లు చూసి మీకు చలి పట్టకుండానే వణుకొస్తుంది. కాబట్టి క్యాన్ డీజిలు అలవాటున్న ఓనరు దగ్గర కామన్ రైల్ బండి కొనే ముందు రిటర్న్ డీజిలు పరీక్ష చేయించండి. ఒక్కో నాజిలు ఎంత డీజిలు వెనక్కి వదులుతోందో సన్నటి సీసాల్లో పట్టి చూస్తారు. ఒక సీసా మిగిలినవాటికన్నా ముందే నిండితే దోషి దొరికినట్టే.

సరే, ఇంజను చూసే పద్ధతి మీకు కొత్తగా చెప్పాలా? పొద్దున్నే, చెప్పాపెట్టకుండా వెళ్ళండి. బానెట్ మీద చెయ్యి వెయ్యండి. వెచ్చగా ఉంటే మీకోసం ముందే స్టార్టు చేసి ఉంచారని అర్థం. చల్లటి ఇంజను స్టార్టయ్యేటప్పుడు చెప్పే నిజాలు వేడెక్కాక చెప్పదు. నీలం పొగ వస్తే ఆయిలు తాగుతోంది. నల్ల పొగ ఆగకుండా వస్తే గాలి చాలట్లేదు, లేదా డీజిలు ఎక్కువైంది. తెల్ల పొగ వేడెక్కాక కూడా పోకపోతే హెడ్డు గ్యాస్కెట్ మీద అనుమానం పెట్టుకోండి. ఆయిలు పోసే మూత తీసి చూస్తే లోపల మీగడలాంటి తెల్లటి జిడ్డు ఉందంటే ఆ అనుమానం బలపడినట్టే. ఆ మూత తీసినప్పుడు ఇంజను గుప్పుగుప్పున పొగ ఊదుతుంటే రింగులు అరిగాయి. వాటర్ సర్వీసు కొట్టించి, పాలిషు పట్టించి అద్దంలా మెరిపించిన ఇంజను కన్నా దుమ్ము పట్టిన ఇంజనునే నేను నమ్ముతాను. ఆయిలు ఎక్కణ్ణించి కారుతోందో దుమ్ము చెబుతుంది.

"ఇంజను పని కొత్తగా చేయించామండీ" అన్న మాట వినగానే మురిసిపోకండి. రింగులు, బేరింగులు మార్చడమూ పనే, బోరు కొట్టించి పిస్టన్ సెట్టు వెయ్యడమూ పనే. బిల్లు చూపించమనండి. అంత డబ్బు పోసినవాడు నెల తిరక్కుండా ఎందుకు అమ్ముతున్నాడో కూడా అడగండి. ఇక బ్రోకరు చెప్పే "సింగిల్ హ్యాండు బండండీ, డాక్టరుగారు వాడింది" గురించి ఏం చెప్పను? పికప్పు వ్యానుని డాక్టరుగారు దేనికి వాడారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇంజను గురించి ఇంత చెప్పాక కూడా నా అసలు పట్టుదల గేరుబాక్సు మీదే. ఎందుకంటారా? ఇంజను అబద్ధాన్ని పొగ పట్టిస్తుంది. గేరుబాక్సు అబద్ధం ఘాటీ దిగేటప్పుడు గాని బయటపడదు.

ముందు నిష్పత్తి సంగతి. ఇంజను ఒక్కటే అయినా చక్రం దాకా వచ్చే లాగుడు ఒక్కటే కాదు. మొదటి గేరు నిష్పత్తినీ, వెనక హౌసింగులో క్రౌను పినియన్ నిష్పత్తినీ గుణిస్తే వచ్చేదే అసలు లెక్క. గేరుది నాలుగు, హౌసింగుది అయిదు అనుకోండి. ఇంజను లాగుడు చక్రం దగ్గరికి ఇరవై రెట్లు అవుతుంది. హౌసింగు నాలుగే అయితే పదహారు రెట్లే. మొదటి బండి కొండెక్కుతుంది, హైవే మీద మాత్రం అరుస్తుంది. రెండోది తుని దారిలో హాయిగా పరిగెత్తుతుంది, మైలేజీ ఇస్తుంది, మలుపులో మాత్రం చతికిలబడుతుంది. ఒకే పేరున్న పికప్పులో లోడు కెపాసిటీని బట్టి ఈ నిష్పత్తులు మారుతుంటాయి. పాత బండి అయితే ఎవరో హౌసింగు మార్చేసి కూడా ఉండొచ్చు. షోరూం కాగితం చూడండి. కాగితం లేకపోతే జాకీ వేసి, ఒక చక్రం కదలకుండా పట్టుకుని, రెండో చక్రాన్ని రెండు చుట్లు తిప్పి, షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టమనండి. మెకానిక్కుకి అయిదు నిమిషాల పని.

క్లచ్చు పరీక్ష ఊళ్ళోనే చెయ్యొచ్చు. హ్యాండు బ్రేకు గట్టిగా లాగి, మూడో గేరు వేసి, మెల్లగా క్లచ్చు వదలండి. ఇంజను ఠక్కున ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతోందంటే ప్లేటు జారుతోంది. తర్వాత కొంచెం జోరు మీద మూడులోంచి రెండుకి దించండి. గర్రుమంటే రెండో గేరు సింక్రో రింగు అరిగింది. పికప్పుల్లో ముందు పోయేది అదే, ఎందుకంటే ఘాటీలో సగం జీవితం రెండూ మూడూ మధ్యనే గడుస్తుంది. ముందుకీ వెనక్కీ కదిపినప్పుడు కింద టక్కుమంటే షాఫ్టు క్రాసు. యాభై దాటాక వెనకనుంచి సన్నగా ఈలలాంటి మోత వస్తే క్రౌను.

దిగేటప్పుడు చెయ్యాల్సిన పరీక్ష మాత్రం దిగితేనే తెలుస్తుంది. బండిని మూడో గేరులో పెట్టి, యాక్సిలరేటరు పూర్తిగా వదిలి, బరువంతా ఇంజను మీద పడేలా దించండి. గేరు రాడ్డు మీద చెయ్యి ఆనించకండి. రాడ్డు దానంతటదే న్యూట్రల్లోకి జారిందంటే ఆ బండి వద్దు. ధర సగానికి దించినా వద్దు. లోడుతో మలుపులో గేరు జారితే మిగిలేది బ్రేకొక్కటే. బ్రేకొక్కదాని మీద ఘాటీ అంతా దిగితే డ్రమ్ములు కాలి, లైనర్ల వాసన వచ్చి, కాసేపటికి పెడల్ ఉన్నా బ్రేకు ఉండదు.

ఈ సందర్భంలో ఒక పాత జబ్బు గురించి చెప్పకుండా ఉండలేను. దిగుడులో న్యూట్రల్ చేసి దించితే డీజిలు మిగులుతుందని మనవాళ్ళకో నమ్మకం. కొందరైతే ఇంజను కూడా ఆపేస్తారు. కామన్ రైల్ బండిని గేరులో పెట్టి యాక్సిలరేటరు వదిలితే కంప్యూటరు డీజిలుని పూర్తిగా ఆపేస్తుంది. చక్రాలే ఇంజనుని తిప్పుతుంటాయి. న్యూట్రల్ చేశారా, ఇంజను ఆగిపోకుండా ఉండటానికి డీజిలు తాగడం మొదలెడుతుంది. అంటే న్యూట్రల్లో ఖర్చు ఎక్కువ! ఇక ఇంజను ఆపేస్తే బ్రేకుకి సాయం చేసే వాక్యూం పంపు ఆగిపోతుంది, రెండుసార్లు తొక్కాక పెడల్ రాయిలా బిగుస్తుంది. పవర్ స్టీరింగూ బరువెక్కుతుంది. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు అనేవారు. దానికి మించిన సూత్రం ఏ కంపెనీ మాన్యువల్లోనూ లేదు.

"మరి ఆటోమేటిక్ గేరు బండి?" అని కుర్రాళ్ళు అడుగుతారు. లోడు మోసే మన పికప్పుల్లో ఆ ఊసు లేదు. ఆటోమేటిక్ కావాలంటే ఇసుజు వీ క్రాస్ గానీ, 2022లో వచ్చిన టయోటా హైలక్స్ గానీ చూడాలి. ఇసుజు మన రాష్ట్రంలోనే, శ్రీసిటీలో తయారవుతుంది. 2016లో ఆ ఫ్యాక్టరీ తెరిచారు. మొదట వచ్చిన వీ క్రాస్‌ది రెండున్నర లీటర్ల ఇంజను, అయిదు గేర్ల మాన్యువల్. 2019లో 1.9 లీటర్ల ఇంజనుతో ఆరు గేర్ల ఆటోమేటిక్ వచ్చింది. బీఎస్ 6 వచ్చాక 1.9 ఒక్కటే మిగిలింది, 163 హార్స్‌పవర్, 360 న్యూటన్ మీటర్లు. కాఫీ తోటలో పని చూసుకుని సాయంత్రానికి కుటుంబంతో విశాఖ పోవాలనుకునేవాళ్ళకి అది బాగుంటుంది. అద్దెకి తిప్పి వాయిదాలు కట్టేవాళ్ళకి కాదు. కొన్నా, దిగుడులో 'డి'లో వదిలెయ్యకుండా మాన్యువల్ మోడులో కింది గేరు పట్టుకుని దిగాలి. సెకండ్ హ్యాండులో అయితే గేరు ఆయిలు ఎప్పుడు మార్చారో బిల్లు చూడాలి. ఎర్రగా ఉండాల్సిన ఆయిలు నల్లగా, మాడువాసనతో ఉంటే మాటలు ఆపేసి లేచి వచ్చెయ్యండి.

ఫోర్ వీల్ డ్రైవ్ అందరికీ అక్కర్లేదు. గూడెం కొత్తవీధి లోపలికి, వానాకాలంలో మట్టి దారుల్లో పోయేవాళ్ళకి కావాలి. బొలెరో క్యాంపరులో ఫోర్ వీల్ ఉన్నవి దొరుకుతాయి. కొనేటప్పుడు ఆ రాడ్డు నిజంగా పడుతోందో లేదో బురదలోనో ఇసుకలోనో దింపి చూడండి. ఏళ్ళ తరబడి వాడకపోతే తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. ఎండు తారు రోడ్డు మీద దాన్ని వేసి తిప్పిన ఓనరు బండి అయితే ముందు హౌసింగు అరిగిపోయి ఉంటుంది.

కాగితాల గురించి నాలుగు మాటలు. ఫైనాన్సు తీరినట్టు ఫారం 35, పేరు మార్పిడికి 29, 30. వేరే రాష్ట్రం బండైతే ఎన్‌వోసీ. లైసెన్సు గురించి కంగారు పడక్కర్లేదు. 7500 కేజీల లోపు ట్రాన్స్‌పోర్టు బండికి ఎల్ఎంవీ లైసెన్సు చాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చేసింది.

మన ఊళ్ళో మాత్రం ఇంకో జాగ్రత్త కావాలి. ఏజెన్సీ నుంచి గంజాయి దిగే దారుల్లో మనది ఒకటని దేశమంతటికీ తెలుసు. అలా పట్టుబడిన బళ్ళు, వేలంలో వచ్చిన బళ్ళు, కేసు తెగని బళ్ళు చేతులు మారుతుంటాయి. తొట్టి లోతు బయటనుంచి ఒకసారి, లోపలనుంచి ఒకసారి టేపుతో కొలవండి. రెండింటికీ జానెడు తేడా వస్తే అడుగున దొంగ అర ఉందేమో చూడండి. వేలంలో కొన్నదైతే వేలం ఉత్తర్వు అడగండి. ఇంజను నంబరు, చాసిస్ నంబరు పెన్సిలుతో కాగితం మీద రుద్ది ఆర్సీతో పోల్చుకోండి. ఇంజను మార్చి ఉండి ఆర్సీలో ఎక్కించకపోతే, ఎంత మంచి ఇంజనైనా అది మీది కాదు.

ఇంతసేపూ ఇన్ని చెప్పి, పేరు చెప్పకుండా పోతానంటే మీరు ఊరుకోరు. కింది దారులకి, ముప్పాతిక టన్ను లోపు లోడుకి ఏస్. టన్ను పైచిలుకు, ఎప్పుడైనా కొండ అంటే దోస్త్. రోజూ చింతపల్లి అంటే బీఎస్ 4 కామన్ రైల్ బొలెరో పికప్పు, అయిదు గేర్ల మాన్యువల్. కిలోమీటర్లు ఎక్కువ తిరిగినా ఫరవాలేదు, గేరు జారకపోతే చాలు. బయానా ఇవ్వకముందే, ఓనరు పక్కన కూర్చుండగా, తొట్టిలో సగం లోడు సిమెంటు బస్తాలు వేయించి, డౌనూరు దాటి ఒకసారి ఎక్కించి దించండి. దానికి ఒప్పుకోని ఓనరు బండి కొనకండి.